సీసం కరిగించి జిగ్‌లు పోసుకోవడం: అచ్చు నుంచి రంగు దాకా

కళింగపట్నం ఒడ్డున గాలం విసిరే కుర్రాళ్ళు కనిపించినప్పుడల్లా అడిగేది ఒకటే. "అన్నా, జిగ్‌లు నువ్వే పోసుకుంటావంట కదా, ఎలాగో చెప్పవా?" జిగ్ అంటే సీసం పోసి చేసే, బరువుండే ఎర. రాళ్ళలో ఇరుక్కుని పొద్దున్న పూటే మూడు జిగ్‌లు తెగిపోతే జేబు సంగతి ఏమవుతుందో అందరికీ అనుభవమే. నోటితో చెప్తే సగం మర్చిపోతున్నారు. మర్చిపోయేది ఎప్పుడూ జాగ్రత్తల సగమే. అందుకే కూర్చుని వరసగా రాశాను.

పాడైన జిగ్ పట్టుకొచ్చి "సీసం మంచిది కాదు" అంటారు చాలామంది. పదింట తొమ్మిదిసార్లు తప్పు సీసానిది కాదు. అచ్చు వేడెక్కలేదు, లేదా ఎక్కడో తడి ఉంది. కింద రాసినదంతా తిరిగి తిరిగి ఈ రెండింటి దగ్గరికే వస్తుంది.

## 1. పొయ్యి వెలిగించే ముందు తెలియాల్సినవి

తడి. సీసం సుమారు 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అచ్చులో పోసేటప్పుడు 370 నుంచి 400 దాకా ఉండాలి. ఆ వేడి కిందికి ఒక్క నీటి చుక్క చేరితే అది ఆవిరయ్యి దాదాపు 1700 రెట్లు ఉబ్బుతుంది. పైనున్న సీసాన్ని ఎగజిమ్మేస్తుంది.

నాకు ఇది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. వలలోంచి ఊడి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సీసం గుళ్ళు ఏరుకొచ్చి, కడిగి, రెండు గంటలు ఎండలో పెట్టాను. అప్పటికే మూకుట్లో సీసం కరిగి ఉంది. అందులో ఒక గుండు వేశాను. తాడు దూరే బెజ్జంలో తడి ఇసుక మిగిలిపోయిందని చూసుకోలేదు. టప్‌మన్న శబ్దం వినిపించేలోపే సగం సీసం బయట ఉంది. కుడి మణికట్టు మీద పెసరగింజంత మచ్చ, షెడ్డు రేకుకి అంటుకున్న చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజు కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

అందుకే మొదటి నియమం: ఏ సీసమైనా చల్లటి మూకుట్లో వేసి, దానితోపాటు వేడెక్కించాలి. కరిగిన సీసంలో కొత్త ముక్క వేయకూడదు.

ధూళి. అందరూ పొగకి భయపడతారు. సీసం ఆవిరి పెద్ద సమస్య అయ్యేది సుమారు 500 డిగ్రీల దగ్గర. మనం అంత వేడికి వెళ్ళకూడదు, వెళ్ళాల్సిన పనీ లేదు. నిజంగా ఒంట్లోకి వెళ్ళేది పైన తేలే బూడిదరంగు పొడి, ఆకురాయి పట్టినప్పుడు రాలే రజను. అది వేళ్ళకి అంటుకుంటుంది, వేళ్ళు నోటికి వెళ్తాయి. పిల్లల మెదడు ఎదుగుదలని సీసం దెబ్బతీస్తుంది. ఇంత వరకు పర్వాలేదు అనే కొలత వాళ్ళకి లేదు. గర్భిణుల ఒంట్లో చేరితే కడుపులో బిడ్డకీ చేరుతుంది.

పోసే చోటు ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి:

- ఆరుబయట, పైన రేకు లేదా స్లాబు ఉన్న చోటు. తాటాకు పాక కింద వద్దు, చెట్టు కింద వద్దు.
- గాలి మీ వీపు వైపు నుంచి వచ్చి పొయ్యి మీదుగా అవతలికి పోవాలి. సముద్రం దగ్గర గాలి పొద్దున్న ఒక దిక్కు, మధ్యాహ్నం ఇంకో దిక్కు. పొయ్యి వెలిగించే ముందు పిడికెడు ఇసుక వదిలి చూడండి.
- వంటింటి పొయ్యి, వంటగిన్నె, తినే గరిటె దీనికి వాడకూడదు. వాడితే అవి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళకూడదు.
- వాన మబ్బు ఉంటే ఆ రోజు మానుకోండి.
- పిల్లలు, కోళ్ళు, కుక్క ఆ ఛాయలకి రాకూడదు.
- సిమెంటు నేల మీద నేరుగా వద్దు. సిమెంటులో తడి ఉంటుంది, సీసం ఒలికితే పెచ్చు లేచి ఎగురుతుంది. పెద్ద ఇనప పళ్ళెంలో బాగా ఎండిన ఇసుక పరిచి, దాని మీద పొయ్యి పెట్టండి.

నేనైతే పోత పని అంతా ఎండాకాలంలో పెట్టుకుంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. బోటు మీద వెళ్ళే జట్టు ఎలాగూ ఖాళీ, ఎండకి అచ్చులు కూడా గలగలలాడేలా ఎండుతాయి. ఆ రోజుల్లో ఒక్కటే ఇబ్బంది, చెమట. నుదుటికి తువ్వాలు గట్టిగా కట్టుకోండి. మూకుడు మీదికి వంగి పని చేయకండి.

## 2. ఏ సీసం కొనాలి

పాత ఇనప సామాన్ల కొట్లో సీసం కిలోల లెక్కన దొరుకుతుంది. పాత గొట్టాలు, రేకులు, కేబుల్ తొడుగులు అయితే మెత్తటి సీసం. గోరుతో గీస్తే గీత పడుతుంది, చేత్తో వంగుతుంది, కోసిన చోట వెండిలా మెరిసి కాసేపటికి మసకబారుతుంది. జిగ్‌లకి ఇదే మంచిది.

పాత వల గుళ్ళు వాడొచ్చు. కాకపోతే ముందు సుత్తితో చితక్కొట్టి బెజ్జాలు విప్పి, ఉప్పు కడిగి, వారం రోజులు ఎండబెట్టండి. నా మచ్చ గుర్తుంచుకోండి.

టైర్ల షాపులో చక్రం బ్యాలెన్స్‌కి కొట్టే బరువులు కూడా చాలామంది తెస్తారు. వాటిలో ఇప్పుడు జింకువి, ఇనపవి కలిసి ఉంటున్నాయి. కటింగ్ ప్లేయర్‌తో కొరికి చూడండి. సీసం వెన్నలా తెగుతుంది, జింకు మొరాయిస్తుంది. సిమెంటు మీద వేస్తే సీసం "దబ్" అంటుంది, జింకు "టింగ్" అంటుంది. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి, వేడి 400 దాటకుండా ఉంటే తప్పించుకున్న జింకు ముక్క కరగకుండా పైన తేలుతుంది. గరిటెతో తీసేయండి. కరిగి కలిసిపోయిందా, ఆ సీసం గంజి కట్టినట్టు ముద్దముద్దగా అవుతుంది, అచ్చు అంచులకి పారదు. అలాంటిది లావుపాటి గుళ్ళు పోసుకోవడానికి తప్ప జిగ్‌కి పనికిరాదు.

బ్యాటరీ సీసం మాత్రం వద్దు. చవగ్గా వస్తుందని ఆటో బ్యాటరీ పగలగొట్టి ప్లేట్లు కరిగించేవాళ్ళని చూశాను. వాటిలో యాసిడ్ ఇంకి ఉంటుంది. ఆంటిమొని, ఆర్సెనిక్ లాంటివి కలిసి ఉంటాయి, వాటి నుంచి వచ్చే వాయువులు ప్రాణాంతకం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీ తిరిగి ఇవ్వాల్సిన వస్తువు, పగలగొట్టుకునేది కాదు.

కొన్న సీసాన్ని నేరుగా జిగ్‌లుగా పోయను. ముందు ఒకరోజు మొత్తం కరిగించి, చెత్త తీసి, చిన్న ఇనప గుంతల్లో బిళ్ళలుగా పోసుకుంటాను. మట్టి, పెయింటు, నూనె, అంటించిన బంక అన్నీ ఆ రోజే పోతాయి. ఆ మురికి పని, అచ్చుల పని ఒకే రోజు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

## 3. కావాల్సిన సామాను

- మందపాటి ఇనప మూకుడు లేదా స్టీలు గిన్నె. అల్యూమినియం గిన్నె వద్దు, మంట ఎక్కువైతే అడుగు ఊడుతుంది. జింకు పూత ఉన్న బకెట్టు, డబ్బా కూడా వద్దు.
- ఒంటి బర్నరు గ్యాసు పొయ్యి. కుంపటి వాడొచ్చు గానీ మంట తగ్గించడం మన చేతిలో ఉండదు. అడుగు నుంచి సీసం కారేలా చేసిన కరెంటు పాత్రలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, తరచుగా పోసేవాళ్ళకి అవి మేలు.
- ఒక పక్క ముక్కు ఉన్న చిన్న ఇనప గరిటె, చెత్త తీయడానికి ఇంకో గరిటె.
- తోలు గ్లౌజులు. నైలాన్‌వి కరిగి చర్మానికి అంటుకుంటాయి.
- కళ్ళద్దాలు, వీలైతే ముఖం మొత్తం కప్పే షీల్డు.
- సీసం పొగకి సరిపడే పీ100 ఫిల్టర్ ఉన్న మాస్కు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దీనికి పనికిరావు.
- పొడుగు చేతుల నూలు చొక్కా, జీన్స్, మూసి ఉన్న బూట్లు. ప్యాంటు అంచు బూటు పైకి రావాలి, లోపల దోపకూడదు.
- చెత్త వేసుకునే మూత ఉన్న రేకు డబ్బా, ఎండిన ఇసుక బకెట్టు.
- పటకారు, కటింగ్ ప్లేయర్, ఆకురాయి, జేబు తూకం.

హవాయి చెప్పులతో పోసేవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. సీసం ముందు పడేది పాదం మీదే.

## 4. బరువు, గాలం లెక్క

మొగల దగ్గర, అంటే వంశధార, నాగావళి సముద్రంలో కలిసే చోట, పండుగప్ప కోసం 10 నుంచి 21 గ్రాముల జిగ్ హెడ్, అంటే కాడకి సీసం తల పోసిన గాలం, సరిపోతుంది. పోటు, పాటుల నీరు లాగుతుంటే 28. ఒడ్డు నుంచి అలల మీదుగా దూరం వేసి పార చేపల కోసం లాగాలంటే 40 నుంచి 60 గ్రాముల పొడుగు జిగ్. బోటు మీద వంజరానికి అంతకంటే బరువు. మొదటిసారి పోసేవాళ్ళు 21 గ్రాముల గుండ్రటి హెడ్‌తో మొదలెట్టండి. మరీ చిన్నది అచ్చులో సరిగ్గా నిండదు, మరీ పెద్దది సీసాన్ని, మీ ఓపికని తినేస్తుంది.

నమూనా చేసేటప్పుడే బరువు తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. నమూనాని కొవ్వొత్తి మైనంతో చెక్కి తూకం వేయండి. సీసం మైనం కంటే సుమారు పన్నెండున్నర రెట్లు బరువు. మైనం హెడ్ 1.7 గ్రాములు తూగితే సీసంది 21 దగ్గర వస్తుంది. 2 గ్రాములు అయితే 25. తూకం వేసేటప్పుడు గాలం అందులో ఉండకూడదు.

గాలం విషయంలో పిసినారితనం వద్దు. కన్ను (దారం కట్టే రంధ్రం) దగ్గర వంగి ఉండే ప్రత్యేకమైన జిగ్ హుక్ కావాలి. మామూలు గాలాన్ని వేడి చేసి వంచితే దాని పదును, గట్టిదనం పోతాయి, పండుగప్ప ఒక్క గుంజుకి నిటారుగా చేసేస్తుంది. ఏ సైజు హుక్ వాడతారో తేల్చుకున్నాకే అచ్చు చేయండి. అచ్చులో గాలం గాడి ఒక్క సైజుకే సరిపోతుంది.

## 5. అచ్చు తయారీ

మూడు దారులు ఉన్నాయి. రెడీమేడ్ అల్యూమినియం అచ్చు కొనడం, వేడికి తట్టుకునే సిలికాన్‌తో చేసుకోవడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసుకోవడం.

ప్లాస్టర్ గురించి ఎక్కువమంది అడుగుతారు, ఫాల్స్ సీలింగ్ షాపులో చవగ్గా దొరుకుతుంది కాబట్టి. నేను వద్దంటాను. గట్టిపడిన ప్లాస్టర్ బరువులో దాదాపు అయిదో వంతు నీరే. అది పైకి కనిపించే తడి కాదు, లోపల కలిసిపోయిన నీరు. ఎండలో ఎన్నాళ్ళు పెట్టినా పోదు. సీసం వేడి తగలగానే ఆవిరిగా బయటికొస్తుంది. జిగ్‌కి బుడగలు, అచ్చుకి పగుళ్ళు, ఖర్మ కాలితే మీ ముఖానికి చిందు.

సిలికాన్ అచ్చు ఇలా చేయాలి. కొనేటప్పుడు డబ్బా మీద ఎంత వేడి తట్టుకుంటుందో చూడండి. సీసం పోతకి అని రాసి ఉన్నదే తీసుకోండి, బొమ్మలు చేసుకునే మామూలు రకం మాడిపోతుంది.

1. మైనం నమూనాలో గాలాన్ని సరిగ్గా ఉండాల్సిన చోట గుచ్చండి. కన్ను, కాడ, వంపు అన్నీ ఒకే తలంలో ఉండాలి.
2. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నూనె బంకమట్టి పరిచి, నమూనాని సరిగ్గా సగం దాకా అందులో నొక్కండి. గాలం కూడా సగం దాకా దిగాలి.
3. చుట్టూ నాలుగు చోట్ల పెన్ను మూతతో గుంటలు పెట్టండి. రెండు సగాలు ఒకదాంట్లో ఒకటి కూర్చునే గుర్తులు ఇవే.
4. సిలికాన్‌ని డబ్బా మీద రాసిన కొలతలో, తూకం వేసి కలపండి. కంటి అంచనా వద్దు. ఒక మూల నుంచి సన్నటి ధారగా పోస్తే గాలి బుడగలు చిక్కవు. నమూనా చుట్టూ అన్ని వైపులా కనీసం ఒక సెంటీమీటరు మందం ఉండాలి.
5. ఒక రోజు ఆగి తిరగేయండి. బంకమట్టి మొత్తం తీసేయండి, నమూనాని మాత్రం కదపకండి.
6. బయటపడిన సిలికాన్ మొత్తానికి పల్చగా వాజిలిన్ రాయండి. ఇది మర్చిపోతే రెండు సగాలు అంటుకుపోయి ఒకటే ముద్ద అవుతాయి. నాది మొదటి అచ్చు అలాగే పోయింది.
7. రెండో సగం పోసి మళ్ళీ ఒక రోజు ఆగండి.
8. విడదీసి, నమూనా తీసి, పదునైన బ్లేడుతో పోత దారి కోయండి. పైన గరాటులా వెడల్పుగా, లోపల 6 నుంచి 8 మి.మీ. ఉండేలా.
9. గాలి పోయే దారులు గీయండి. సీసం చివరగా చేరే మూలల నుంచి పైకి, గుండుసూది మందంలో. కన్ను ఉన్న వైపు ఒకటి తప్పనిసరి.

సిలికాన్ గట్టిపడకుండా జిగటగా ఉండిపోయిందంటే బంకమట్టిలో గంధకం ఉండి ఉంటుంది. ప్లాటినం రకం సిలికాన్‌కి గంధకం పడదు. బంకమట్టి మార్చండి, లేదా టిన్ రకం సిలికాన్ తీసుకోండి.

అచ్చు సగాలని రెండు ప్లైవుడ్ చెక్కల మధ్య పెట్టి క్లాంపుతో బిగించండి. చేత్తో పట్టుకుని పోయవద్దు. మరీ బిగిస్తే సిలికాన్ నలిగి జిగ్ చపటగా వస్తుంది. రెండు సగాల మధ్య వెలుతురు కనిపించనంత బిగింపు చాలు.

## 6. కరిగించడం

1. శుభ్రం చేసి పెట్టుకున్న బిళ్ళలు కిలో, మహా అయితే కిలోన్నర మూకుట్లో పెట్టండి. కిలో సీసానికి 28 గ్రాముల జిగ్‌లు ముప్పై దాకా వస్తాయి. ఒక పూటకి అంతే చాలు.
2. మొదట సన్నటి మంట, పదినిమిషాలు. ఎక్కడైనా చెమ్మ ఉంటే అప్పుడే ఆరిపోవాలి. తర్వాత మంట పెంచండి.
3. గరిటె కూడా మూకుడు అంచున పెట్టి వేడి చేయండి. చల్లటి గరిటె మీద కంటికి కనిపించని చెమ్మ ఉంటుంది.
4. అంతా కరిగాక బఠాణీ గింజంత కొవ్వొత్తి ముక్క, లేదా చెంచాడు ఎండిన రంపపు పొట్టు వేయండి. పొగ వస్తుంది, ఒక్కోసారి మంట లేస్తుంది, కంగారు పడకుండా వెనక్కి జరగండి. గరిటెతో అడుగు నుంచి కలిపితే చెత్త పైకి తేలి, సీసం అద్దంలా బయటపడుతుంది.
5. పైన తేలిన బూడిద పొడిని నెమ్మదిగా తీసి రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. విసిరికొట్టకండి.

వేడి సరిపోయిందా అనేది రంగు చెప్తుంది. ఇక్కడ తొందరపడకుండా ఒక నిమిషం చూడండి. చెత్త తీసిన వెంటనే పైభాగం వెండిలా ఉంటుంది. నెమ్మదిగా దాని మీద సన్నటి పొర కడుతుంది. ఆ పొర లేత గడ్డిరంగులో ఉంటే పోయొచ్చు. చూస్తుండగానే బంగారు రంగు దాటి ఊదా, నీలం రంగులు నెమలి పింఛంలా తిరుగుతున్నాయంటే వేడి ఎక్కువైంది, మంట తగ్గించండి. చూడటానికి అందంగా ఉంటుంది గానీ అది ప్రమాద సూచన. ఈ రంగులు మెత్తటి సీసంలోనే బాగా తెలుస్తాయి.

ఇంకో పరీక్ష, బాగా ఎండిన న్యూస్ పేపరు పీలికని సీసం పైన తాకించడం. గోధుమరంగులోకి మాడితే సరి. భగ్గున అంటుకుంటే ఎక్కువ. ఇవన్నీ ఎందుకు అనుకుంటే 500 డిగ్రీల దాకా చూపించే థర్మామీటరు కొనుక్కోండి, అన్నిటికంటే అదే నమ్మకం.

## 7. పోయడం

అల్యూమినియం అచ్చు అయితే కొవ్వొత్తి మంట మీద లోపలి గుంతలకి పల్చగా మసి పట్టించండి. సీసం జారి నిండుతుంది, తేలిగ్గా ఊడుతుంది. తర్వాత అచ్చుని పొయ్యి పక్కన ఇనప రేకు మీద పెట్టి వేడి చేయండి. మొదటి మూడు నాలుగు పోతలు గాలం లేకుండా ఉత్తవి పోయండి. అవి ముడతలు పడి, సగం సగం వస్తాయి. తిరిగి మూకుట్లోకే వెళ్తాయి, అప్పటికి అవి పొడిగా, వేడిగా ఉంటాయి కాబట్టి కరిగిన సీసంలో వేయొచ్చు. మొదటి నియమానికి మినహాయింపు ఇదొక్కటే. నున్నటిది ఒకటి వచ్చిందంటే అచ్చు సిద్ధం.

ఈ ఉత్త పోతలే అందరూ ఎగ్గొట్టేది. మొదటి పోతలోనే హుక్ పెట్టి, పాడయ్యాక దాన్ని సీసంలోంచి లాగడానికి తంటాలు పడతారు.

సిలికాన్ అచ్చుని అలా మంట దగ్గర పెట్టకూడదు. ఒకటి రెండు ఉత్త పోతలతో అదే వేడెక్కుతుంది. అయిదారు పోతల తర్వాత పావుగంట చల్లారనివ్వాలి, లేకపోతే లోపలి గోడలు పెళుసుబారి రాలతాయి.

ఇక అసలు పోత:

1. గాలాన్ని గాడిలో కూర్చోబెట్టి అచ్చు మూయండి. అరనిమిషం ఆగండి, గాలం కూడా అచ్చు వేడి పట్టాలి. చల్లటి గాలం చుట్టూ సీసం ముడుచుకుంటుంది.
2. పైపొరని గరిటె వెనకతో పక్కకి నెట్టి, కింది నుంచి మెరిసే సీసం ముంచండి.
3. గరిటె ముక్కుని పోత దారికి దగ్గరగా తెచ్చి, ఒకే ధారగా ఆపకుండా పోయండి. ఆగి ఆగి పోస్తే మధ్యలో అతుకు గీత పడుతుంది, జిగ్ అక్కడే విరుగుతుంది.
4. గరాటు నిండా నింపండి. సీసం గట్టిపడుతూ కుంచించుకుపోతుంది, ఆ లోటుని గరాటులో ఉన్న సీసమే పూడుస్తుంది.
5. గరాటు పైన తళతళ పోయి మసకబారేదాకా చూడండి. ఆ తర్వాత పదిహేను ఇరవై లెక్కపెట్టి తెరవండి. సిలికాన్‌లో ఇంకా ఎక్కువసేపు పడుతుంది.
6. జిగ్‌ని పటకారుతో తీసి ఎండిన చెక్క మీద పెట్టండి. నీళ్ళలో ముంచి చల్లార్చకండి. తడి చేయి, తడి జిగ్ మళ్ళీ మూకుడు దగ్గరికే వస్తాయి.

పొడుగు జిగ్‌కి గాలం బదులు లోపల తీగ వెళ్తుంది. 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగని రెండు చివరలా రింగులా చుట్టి, మధ్యలో చిన్న వంకర పెట్టండి, సీసంలో జారకుండా ఉంటుంది. పోత దారి లావు చివరన ఉండాలి. మిగతాదంతా ఇదే పద్ధతి.

కాలితే: పంపు నీళ్ళ కింద కనీసం 20 నిమిషాలు పెట్టండి. అంటుకున్న సీసాన్ని పీకకండి. టూత్‌పేస్టు, ఇంకు, నూనె ఏదీ రాయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. కంట్లో పడితే ఆ 20 నిమిషాలు కడుగుతూనే బండి రప్పించండి.

## 8. పాడైన జిగ్ ఏం చెప్తుంది

ఒంటి నిండా ముడతలు. అచ్చు చల్లగా ఉంది. లేదా గుంతలో నూనె, వాజిలిన్ మిగిలింది. ఉత్త పోతలు ఇంకో రెండు పోయండి, తగ్గకపోతే థిన్నరుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

మెడ, కొస నిండలేదు. గాలి చిక్కుకుంది. ఆ మూల నుంచి ఇంకో దారి గీయండి. దారి ఉన్నా నిండకపోతే సీసం వేడి తక్కువ.

పైన పంచదార చల్లినట్టు గరుకు. అచ్చు మరీ వేడెక్కింది. బలానికి లోటు లేదు, రంగు కింద కనపడదు. కాసేపు ఆగి పోయండి.

చుట్టూ పల్చటి రేకులు. అచ్చు సరిగ్గా మూసుకోలేదు. అతుకు దగ్గర సీసం తునక ఏదైనా ఇరుక్కుందేమో చూడండి, ఎక్కువసార్లు అదే.

చిన్న చిన్న బెజ్జాలు, పోస్తుంటే చిటపట. తడి. వెంటనే ఆపేయండి. అచ్చుని ఆ రోజుకి పక్కన పెట్టండి.

కన్నులో సీసం నిండింది. గాలం గాడి వదులుగా ఉంది, లేదా మీరు పెట్టిన హుక్ తీగ సన్నది. కన్ను సైజు సూదితో పొడవండి. అన్నీ అలాగే వస్తుంటే హుక్ మార్చాలి.

గాలం గుండ్రంగా తిరుగుతోంది. కాడ చుట్టూ సీసం పట్టలేదు. అది నీళ్ళకి పనికిరాదు, కరిగించేయండి. బంక పెట్టి సరిపెట్టకండి, ఎందుకంటే ఊడేది పెద్ద చేప పడ్డప్పుడే.

## 9. కత్తిరింపు, రంగు

పోత కాడని, అంటే పోత దారిలో గట్టిపడిన సీసాన్ని, కటింగ్ ప్లేయర్‌తో మెడకి దగ్గరగా తుంచండి. కాడలు మళ్ళీ కరిగించడానికి విడిగా ఇంకో డబ్బాలోకి. అంచులని ఆకురాయితో, తడిపిన పేపరు పరిచి దాని మీద నెమ్మదిగా రాయండి. గ్రైండర్ వద్దు, ఉప్పు కాగితంతో పొడిగా రుద్దడం వద్దు. ఆ రజను గాల్లోకి లేచి ఇల్లంతా తిరుగుతుంది. పని అయ్యాక పేపరుని మడిచి చెత్త డబ్బాలో వేయండి.

రంగు వేయకుండా కూడా చేపలు పడతాయి. కానీ సీసం చేతికి అంటకుండా ఉండాలంటే పూత ఉండాల్సిందే. థిన్నరుతో తుడిచి, ముందు తెల్ల ప్రైమరు. తెలుపు లేకుండా వేసిన పసుపు, గులాబీ రంగులు నల్లబడ్డట్టు కనిపిస్తాయి. దాని మీద బండ్లకి కొట్టే స్ప్రే, చిన్నవాటికి నెయిల్ పాలిష్. చివర రెండు పాళ్ళ ఎపాక్సీ పల్చగా. ఎపాక్సీ ఆరేదాకా జిగ్‌ని తిప్పుతూ ఉండండి, లేదంటే బొట్టు కట్టి ఒక పక్కకి ఒరుగుతుంది.

పౌడర్ పూత వేసేవాళ్ళు జిగ్‌ని సుమారు 175 డిగ్రీలకి వేడి చేసి పొడిలో ముంచి, అదే వేడిలో ఇరవై నిమిషాలు ఉంచుతారు. దానికి విడిగా పాత ఓవెన్ కావాలి, కేకులు చేసుకునేది కాదు. సీసంలో టంకం ముక్కలు కలిపినవాళ్ళు పౌడర్ జోలికి వెళ్ళకండి. టంకం 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఓవెన్ తెరిచేసరికి జిగ్ ముక్కు జారి ఉంటుంది.

ఇంకొక్కటి. చిన్న సీసం గుళ్ళని దారం మీద పళ్ళతో నొక్కడం మన దగ్గర అందరికీ అలవాటే, నాకూ ఉండేది. ప్లేయర్ వాడండి.

## 10. పని అయ్యాక

- మిగిలిన సీసాన్ని మూకుట్లోనే గట్టిపడనివ్వకండి. బిళ్ళలుగా పోసేయండి.
- మూకుడు పూర్తిగా చల్లారేదాకా అక్కడే ఒకరు ఉండండి. నల్లగా, మామూలుగా కనిపిస్తూనే చేయి కాల్చేస్తుంది.
- నేలని చీపురుతో ఊడవకండి. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కూడా చెత్త డబ్బాలో వేయండి.
- చేతులు, ముఖం సబ్బుతో కడిగాకే టీ అయినా, బీడీ అయినా. పని మధ్యలో ఖైనీ నలపడం మహా ప్రమాదం.
- బట్టలు విడిగా ఉతకండి. వాటితో పిల్లల్ని ఎత్తుకోకండి.
- నెలనెలా పోసేవాళ్ళు ఏడాదికోసారి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి.

బూడిద పొడి, రజను చేరిన డబ్బాని కాలవలో, నూతి దగ్గర, కొబ్బరి చెట్టు మొదట్లో పారబోయకండి. మూతకి టేపు చుట్టి, పైన "సీసం" అని రాసి, పిల్లలకి అందని అటక మీద పెట్టండి. నిండాక సీసం కొన్న కొట్లోనే ఇచ్చేయండి, అందులో ఇంకా సీసం ఉంటుంది కాబట్టి తూకం వేసి తీసుకుంటారు.